గ్రహణం మొర్రి ఎవరి తప్పు?

పధ్నాలుగేళ్ల అమ్మాయికి మన దగ్గర కథలు తక్కువ. చందమామ వయసు దాటిపోయింది. పెద్దవాళ్ల నవల పట్టుకుంటే అమ్మ లాక్కుంటుంది. బళ్లో సైన్సు పాఠం, ఇంట్లో నోములూ మడీ. ఈ రెంటి మధ్య ఆ పిల్ల మనసు ఎంత నలుగుతుందో చెప్పే కథ నాకు అరుదుగానే కనిపించింది.

ఆలేరులో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. 2022 అక్టోబరు 25, దీపావళి మర్నాడు. సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం. యాదగిరిగుట్ట గుడి తలుపులు మూశారు. ఇంట్లో పచ్చడి జాడీల మీద గరిక పరకలు పడ్డాయి. ఏడో నెల కడుపుతో ఉన్న చిన్నమ్మను చీకటి గదిలో పడుకోబెట్టి, "కదలకు బిడ్డా, నీళ్లు గూడ వద్దు" అంటోంది నాయనమ్మ. గ్రహణం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న పిల్ల నీళ్ల చెంబుతో గుమ్మంలో నిలబడింది. ఇప్పుడేం చేయాలి?

నవ్వుకునే సంగతి కాదిది. చీలిన పెదవికి మన భాషలో పేరే 'గ్రహణం మొర్రి'. అంటే పేరులోనే తల్లి మీద నేరం మోపేశామన్నమాట! గ్రహణంలో బయట తిరిగావా, కత్తి పట్టావా అని బాలింతను నిలదీసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నిజానికి బిడ్డ పెదవి కడుపులో నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్యనే కలిసిపోతుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగా తెలీదు. అది కలవకపోవడానికి వంశపారంపర్యం, కొన్ని మందులు, పొగ వంటివి కారణాలు కావచ్చు. చంద్రుడి నీడకు అందులో పాత్ర లేదు. ఏడో నెల గర్భిణికి మాత్రం దాహం నిజం.

మన రచయితలు ఇలాంటి చోట రెండు తేలిక దారులు పడతారు. ఒకటి, నాయనమ్మను వెర్రిదాన్ని చేయడం. రెండోది, చివర్లో డాక్టరు చేత దేవుడికి దణ్ణం పెట్టించడం. రెండూ నాకు రుచించవు. అమెరికాలో మెడలిన్ లెంగిల్ 1962లోనే 'ఎ రింకిల్ ఇన్ టైమ్' రాసింది. అందులో తల్లిదండ్రులిద్దరూ శాస్త్రజ్ఞులు, రాసినామె దైవభక్తురాలు. భక్తీ భౌతికశాస్త్రమూ ఒకే పుస్తకంలో ఇమిడాయి. మనకూ హేతువాది కొడవటిగంటి కుటుంబరావు ఏళ్ల తరబడి చందమామను నడిపారు, పురాణ కథల మధ్యనే! మహీధర నళినీమోహన్ 'గ్రహణాల కథ' రాశారు. పునాది లేక కాదు.

ఆలేరు పిల్ల కథ ఎవరైనా రాస్తే నాయనమ్మకు గట్టి మాటే ఇవ్వాలి. 1980 ఫిబ్రవరి 16న జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలిస్తుంటే, ఆమె కడుపుతో తలుపులేసుకుని పడుకుంది. "అట్ల పన్నందుకే మీ నాయన సక్కగ పుట్టిండు" అంటుంది. ఉత్త కళ్లతో సూర్యుణ్ణి చూడొద్దనే మాటా ఆమెదే, అందులో నిజముంది. పిల్ల గుట్ట నరసింహస్వామిని వదులుకోనక్కర్లేదు. కానీ ఒకటి అడగాలి: "నాయనమ్మా, ఆ రోజు పొలంల పని చేసినోళ్ల పిల్లలు ఎట్ల పుట్టిండ్రు?"

ముసలామె లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఈలోగా చెంబు చిన్నమ్మ చేతికి అందాలి.