లోపల ఎవరైనా ఉన్నారా?



గత వేసవిలో మన సంఘపు వాట్సాప్ గ్రూపులోకి అమెరికా నుండి ఒక ప్రార్థన మనవి వచ్చింది. మన కుటుంబాల బిడ్డలు కొందరు సెలవులకు మోటార్ హోమ్ అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ పార్కు చూడబోయారు. మోటార్ హోమ్ అంటే సినిమా షూటింగులకు మన ఊళ్లకు వచ్చే క్యారవాన్ లాంటిదే. మంచాలు, పొయ్యి, స్నానాల గది అన్నీ బండిలోనే ఉంటాయి. రాత్రి అందరూ బయట చలిమంట దగ్గర కూర్చుని ఉండగా తలుపు మూసుకుని లాక్ పడిపోయింది. తాళంచెవులు, కోట్లు, మందులు లోపల. మనుషులు బయట. అక్కడ వేసవిలో కూడా రాత్రులు చలిగానే ఉంటాయి.

గ్రూపులో వరసగా ఆమేన్‌లు పడ్డాయి. సాతాను బంధకాలు తెగిపోవాలని కొందరు రాశారు. మన సంఘ పెద్దాయన ఒకరు మాత్రం ఒకే ప్రశ్న పెట్టారు: "లోపల ఎవరైనా ఉన్నారా అమ్మా?" లేరండీ, అందరం బయటే ఉన్నాం అని జవాబు వచ్చింది. "అయితే కంగారు పడకండి. బండి అద్దెకిచ్చిన వాళ్లకు ఫోన్ చేయండి" అన్నారాయన. వాళ్లు పంపిన మనిషి వచ్చి తలుపు తీసేసరికి రెండు గంటలు పట్టింది.

ఆ రాత్రి గ్రూపులో వచ్చిన మాటలన్నిటిలో ఆ ప్రశ్నే ఎక్కువ ఆత్మీయమైనదని మా అభిప్రాయం. ప్రార్థనను తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. మూసిన తలుపులన్నీ ఒక్క రకం కావు గనుక అంటున్నాం.

కొన్ని తలుపుల దగ్గర మనం చేయవలసింది ఓపిక పట్టడమే. ఇది మన డెల్టా వాళ్లకు వేరే ఎవరూ నేర్పనక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక, రోడ్లు లేని ఊళ్లకు పడవలే దారి అయ్యాయి. 1836లో ఇంగ్లండు నుండి వచ్చి నర్సాపురం ప్రాంతంలో సేవ చేసిన బౌడెన్, బీర్ గార్ల తరువాత, మన ప్రాంతంలో పనిచేసిన మిషనరీలు పడవలోనే వండుకుని, పడవలోనే పడుకుని ఊరూరా సువార్త చెప్పారు. మన కాలువల మీద మోటార్ హోమ్ అదే అనుకోండి. ఆ పడవలు లాకుల దగ్గర ఆగవలసిందే. లాకు తలుపుకు ఒకవైపు నీరు ఎత్తుగా, రెండోవైపు పల్లంగా ఉన్నంతసేపు ఎంత బలవంతుడు తోసినా అది తెరుచుకోదు. నీటిని కొంచెం కొంచెంగా వదిలి రెండు వైపులా మట్టం సమానం చేస్తే అదే తలుపు సులువుగా తెరుచుకుంటుంది. లోపల సామాను మాత్రమే ఉన్న బండి కూడా అలాంటిదే. చలికి ఓర్చుకోవాలి, ఖర్చు భరించాలి. అంతే. దానికి అద్దం పగలగొట్టడం ఎందుకు? సాతానును నిందించడం ఎందుకు?

కొన్ని తలుపులు ఓపికతో తెరుచుకోవు. మన చెయ్యి పడాలి. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చదవండి. పేతురు చెరసాలలో ఉన్నాడు. దూత వచ్చాడు, సంకెళ్లు ఊడాయి, పట్టణానికి పోయే ఇనుప గవిని దానంతట అదే తెరుచుకుంది. అంత అద్భుతం జరిగాక పేతురు మార్కు తల్లియైన మరియ ఇంటికి వచ్చి తలుపు తట్టాడు. ఆ తలుపు తెరుచుకోలేదు! లోపల అందరూ ప్రార్థనలో ఉన్నారు. రొదే అనే చిన్నది స్వరం గుర్తుపట్టి కూడా, సంతోషంలో తలుపు తీయడం మాని లోపలికి పరుగెత్తింది. ఆమె చెప్పినా వాళ్లు నమ్మలేదు. ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో ఆ మనిషే బయట నిలబడి తడుతూ ఉన్నాడు.

ఇనుప గవిని తెరిచిన దేవునికి ఆ ఇంటి గడియ ఒక లెక్కా? అయినా దాన్ని తీసే పని ఆయన దూతకు అప్పగించలేదు. ఇంట్లోవాళ్లకే వదిలాడు. మన చేతికి అందే గడియను మనమే తీయాలి.

కాబట్టి రెండో తాళంచెవి వేరే మనిషి దగ్గర ఉంచడం విశ్వాసలోపం కాదు. అది అప్పగించిన వాటి పట్ల నమ్మకత్వం. మోటార్ హోముల్లో డ్రైవరు తలుపుకు ఒక చెవి, ఇంటి తలుపుకు మరో చెవి ఉండడం మామూలే. రెండూ ఒకే గుత్తికి కట్టి ఒక్కరే పెట్టుకుంటే ఎన్ని చెవులున్నా ఒక్కటి ఉన్నట్టే. బయటికి దిగేటప్పుడు చెవి జేబులో ఉందో లేదో చూసుకోవాలి. లాక్ పడితే ముందు అన్ని తలుపులూ లాగి చూడాలి. రిమోట్ పనిచేయకపోతే చాలావాటి లోపల ఒక చిన్న ఇనుప చెవి దాగి ఉంటుంది, దాన్ని వాడాలి. ఇవి చేస్తూ ప్రార్థించండి. ప్రార్థన పేరు చెప్పి ఇవి మానకండి.

ఇక మూడో రకం తలుపు. లోపల ప్రాణం ఉన్న తలుపు. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగివున్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు, తలుపులు పడిపోయి బయటికి రాలేక చనిపోయారు. మన గోదావరి ఎండల్లో ఇంటి ముందు కారు నిలిపేవాళ్లందరూ ఈ మాట వినాలి. ఎండలో మూసిన కారులో 10 నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. పెద్దవాళ్ల ఒంటికన్నా పసివాళ్ల ఒళ్లు మూడు నుండి అయిదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. అద్దం కొంచెం దించి ఉంచినా పెద్దగా ఉపయోగం లేదు. కాబట్టి ఆగివున్న కారుకు ఎప్పుడూ తాళం వేసి, చెవి పిల్లలకు అందకుండా పెట్టండి. బిడ్డ కనబడకపోతే ముందు బావి, చెరువు, కారు చూడండి.

లోపల బిడ్డ ఉండి తలుపు రాకపోతే మెకానిక్ కోసం ఎదురుచూడకండి. ఒకరు 112కు ఫోన్ చేస్తుండగా మరొకరు బిడ్డకు దూరంగా ఉన్న పక్క అద్దాన్ని, మూల దగ్గర గట్టి ఇనుప వస్తువుతో కొట్టండి. చాలా కార్లలో పక్క అద్దం చిన్న ముక్కలై రాలిపోతుంది. ముందు అద్దంలో మధ్యన పొర ఉంటుంది గనుక పగిలినా ఊడిరాదు. అద్దం ఖరీదు గురించి ఆ క్షణంలో ఎవరూ మాట్లాడవద్దు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాయువుగల మనిషిని నలుగురు మోసుకొచ్చి, గుంపు వల్ల లోపలికి దారి లేక ఇంటి కప్పునే విప్పేశారు. ప్రభువు ఆ కప్పు సంగతి అడిగినట్టు ఎక్కడా లేదు. వారి విశ్వాసమే చూశాడు. వాళ్ల విశ్వాసం చేతుల్లో కనబడింది.

ప్రియులారా, ఇదంతా బండి తలుపుల గురించే అనుకోకండి. మన సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కొందరి పేర్లు కన్నీటితో ఎత్తుతాం. వేరే కులంలో పెళ్లి చేసుకున్న ఆడపిల్ల, తాగుడులో పడిన అబ్బాయి, పొలం గట్టు తగాదాలో మాటలు మానేసిన అన్నదమ్ముడు. వాళ్లలో ఒకరు ఆదివారం గుడి గుమ్మం దాకా వస్తే జరిగి చోటివ్వడానికి మనకు మనసొప్పదు. వాళ్లను అంత దూరం నడిపించింది దేవుడే. ఇనుప గవిని ఆయన తెరిచేశాడు. మిగిలింది మన గడియ. దాన్ని తీయకుండా, వాళ్ల కోసం ఇంకో వారం ఉపవాసం ఉండడంలో అర్థం లేదని మేము గట్టిగా నమ్ముతున్నాం.

కాబట్టి ఈ వారం రెండు పనులు చేయండి. మీ బండిదీ ఇంటిదీ రెండో తాళంచెవి నమ్మకమైన మనిషి చేతిలో పెట్టండి. తరువాత, మీరు ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో వారి ఇంటికి మీరే వెళ్లి, ఆదివారం మాతో వచ్చి కూర్చోమని పిలవండి.

మూసిన తలుపు ఎదుట ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు తీయాలో, ఎప్పుడు పగలగొట్టాలో తెలుసుకునే జ్ఞానం ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.