మేస్త్రీ లెక్కల పుస్తకం

రంగూనులోని అహ్లోన్ పేటకు వచ్చి స్థిరపడిన తరువాత నేను చదివిన పుస్తకాలలో నన్ను ఎక్కువకాలం వెంటాడినది ఇ. జె. ఎల్. ఆండ్రూ రాసిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్'. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1933లో ప్రచురించింది. శైలీ శిల్పమూ వెదికేవారికి ఇందులో దొరికేది స్వల్పం. వలస కూలీల వ్యవహారాలు చూసిన ఒక ప్రభుత్వాధికారి ఆఫీసు ఇంగ్లీషులో రాసిన పుస్తకమిది. అయినా ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, నది మీది ఓడల కూత వింటూ ఇందులోని మేస్త్రీ వ్యవస్థ ప్రకరణాన్ని మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతున్నప్పుడు ఆ పేజీలలో నాకు కనిపించినది నా వార్డు.

మా శ్రీకాకుళం వైపు పెద్దలు రంగూనును 'రంగం' అనేవారు. 'రంగం పోయాడు' అంటే ఒక తరానికి వేరే వివరణ అక్కరలేదు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం, గోపాలపురం రేవుల నుంచి స్టీమర్లు జనాన్ని ఇక్కడికి చేరవేసేవి. కాకినాడ పక్కనున్న పాత కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగు కూలీలందరికీ పేరై కూర్చుంది. ఏ ఊరివాడైనా ఇక్కడ 'కోరంగి'యే. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగర జనంలో సగానికి పైగా భారతీయులు. రేవులో బరువులు మోసినవారిలో అధికులు మనవాళ్ళు.

వాళ్ళను తెచ్చినవాడు మేస్త్రీ. అతడు పరాయివాడు కాడు. ఊరివాడు, తరచుగా కులంవాడు, కొన్నిసార్లు చుట్టం. ఓడ చార్జీకీ, ఇంటి దగ్గర అప్పు తీర్చడానికీ బయానా ఇచ్చి, కాగితం మీద వేలిముద్ర వేయించుకుని తెచ్చేవాడు. కూలీకి కంపెనీతో ముఖాముఖి సంబంధం లేదు. కంపెనీ ఇచ్చిన డబ్బు కాంట్రాక్టరు చేతికి, అక్కడి నుంచి పెద్ద మేస్త్రీకి, అతడి నుంచి గుంపు మేస్త్రీకి మెట్టు మెట్టుగా దిగేది. మెట్టు మెట్టుకూ కొంత ఆగిపోయేది. చివరికి మిగిలినదానిలో బయానా, తిండి ఖర్చు, గది అద్దె తగ్గించుకుని కూలీకి ఇచ్చేవారు. ఎంత తగ్గించారో తెలిపే లెక్క ఉండేది మేస్త్రీ దగ్గర. కూలీకి చదువు రాదు. వచ్చినా అడిగే చనువు లేదు. భారత కార్మికుల స్థితిపై 1931లో నివేదిక ఇచ్చిన విట్లీ కమిషన్ కూడా బర్మాను వేరుగా పరిశీలించవలసి వచ్చింది.

ఇంతవరకు ఇది మోసం కథగానే కనిపిస్తుంది. ఆండ్రూ గారు కూడా ఒక సంరక్షకుడి దృష్టితోనే చూశారు. నా అభ్యంతరం అక్కడే. మేస్త్రీ మీద కూలీకి ఉన్న నమ్మకం నిజమైనదని నేను అనుకుంటాను. భాష తెలియని పట్నంలో జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయేవాడు అతడే. ఇంటికి కబురు పంపగలవాడూ, చచ్చిపోతే దహనం చేయించవలసినవాడూ అతడే. అటువంటి మనిషిని నమ్మకుండా ఎలా ఉండగలరు? అయితే మన భాషలో 'నమ్మాడు' వేరు, 'నమ్మక తప్పలేదు' వేరు. పైనున్నవాడికి ఈ రెండింటి మధ్య తేడా ఎన్నటికీ కనిపించదు. అతడి దృష్టికి రెండూ ఒకే రకమైన వినయంగా కనిపిస్తాయి. తన గుంపు తనను ప్రాణసమానంగా చూస్తుందని ఆ మేస్త్రీ మనస్ఫూర్తిగా విశ్వసించి ఉంటాడు.

(ఇది సముద్రం దాటిన కథ మాత్రమే కాదు. పాలమూరు నుంచి దేశమంతటా ఆనకట్టల పనికి కూలీలను తరలించిన వ్యక్తినీ 'గుంపు మేస్త్రీ' అనే అన్నాం. 1976లో వెట్టిచాకిరీ నిషేధ చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు.)

ఇక నా వార్డు సంగతి. కొన్నేళ్ళ క్రితం, ఇప్పుడు పనిచేస్తున్నది కాక వేరొక ఆసుపత్రిలో, మూత్రపిండాలు బలహీనంగా ఉన్న ఒక వృద్ధుడికి జెంటామైసిన్ రాశాను. మోతాదు తగ్గించి, వ్యవధి పెంచవలసింది. మరిచాను. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత ఉందో చూసిన నర్సుకు సందేహం వచ్చింది. ఆమె ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి. అయినా రెండు రోజులు నేను రాసినట్టే ఇచ్చింది. మూత్రం తగ్గాక నేనే పట్టుకుని మందు ఆపాను. అదృష్టవశాత్తూ ఆయన కోలుకున్నాడు. ఎందుకు చెప్పలేదని అడిగితే, "సయా చూసే ఉంటారనుకున్నాను" అంది. 'సయా' అంటే గురువు. ఇక్కడ వైద్యుణ్ణీ అలాగే పిలుస్తారు.

ఆమె భయపడిందని అప్పుడు అనుకున్నాను. అది కాదని తరువాత ఒక బర్మీ మిత్రుడు వివరించాడు. వాళ్ళ భాషలో ఒక మాట ఉంది. మన చెవికి అది అచ్చంగా 'ఆనాడే' అని వినిపిస్తుంది. ఎదుటివారిని ఇబ్బంది పెట్టలేని సంకోచం అని అర్థం. విదేశీయులు దీని మీద పుటలు పుటలు రాశారు. తెలుగువాడికి ఒక్క మాట చాలు: మొహమాటం. ఆమె నన్ను నమ్మి ఊరుకోలేదు, మొహమాటపడి ఊరుకుంది. నేను దాన్ని గౌరవం అనుకుని, నా వార్డు సామరస్యానికి పెట్టింది పేరని నలుగురికీ చెప్పుకుంటూ తిరిగాను.

లెక్క పైవాడి దగ్గరే ఉండిపోతే ఏమవుతుందో ఆండ్రూ పుస్తకంలోనే మరొకచోట, మరింత భయంకరంగా కనిపిస్తుంది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు వేతనం పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే కంపెనీలు వారి స్థానంలో బర్మీ కూలీలను పెట్టుకున్నాయి. తరువాత సమ్మె పరిష్కారమైంది. మే 26 ఉదయం తెలుగువారు తిరిగి పనికి వచ్చారు. పని ఉందనుకుని వచ్చిన బర్మీలకు ఇక మీతో అవసరం లేదన్నారు. రేవులో మొదలైన కొట్లాట రోజుల తరబడి నగరమంతా పాకింది. నూరు మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు మనవాళ్ళు. దీన్ని జాతుల కలహంగా చెప్పుకోవడం ఆనవాయితీ. ద్వేషం లేదని నేను అనను. కానీ రెండు గుంపులతోనూ బేరం కుదుర్చుకున్నవారు ఒకరే; ఒక బేరం సంగతి రెండో గుంపుకు ముందుగా తెలియనివ్వనివారూ వారే. కర్రలు పట్టుకుని వీధిలో నిలబడినవారిలో మాత్రం వారు లేరు.

సహోద్యోగుల మధ్య విశ్వాసం గురించి ఈ కాలంలో వెలువడుతున్న పుస్తకాలు నేను కొన్ని చదివాను. చాలావాటిలో పైవాడు చిరునవ్వు నవ్వాలి, తలుపు తెరిచి ఉంచాలి అన్న హితబోధే ఎక్కువ. మేస్త్రీ తలుపు కూడా తెరిచే ఉండేది. అందరూ ఒకే గదిలో పడుకునేవారు! వాటిలో అతుల్ గవాండే 'ద చెక్‌లిస్ట్ మానిఫెస్టో' (2009) మేలు. శస్త్రచికిత్సకు ముందు గదిలో ఉన్న ప్రతివారూ తమ పేరూ పనీ పైకి చెప్పాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన జాబితాలో ఒక అంశం. ఒకసారి నోరు విప్పిన మనిషి అవసరమైనప్పుడు మళ్ళీ విప్పగలడని ఆయన వాదన. ఎనిమిది నగరాల ఆసుపత్రులలో ఆ జాబితాను అమలుచేసి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అయినా నాకొక సందేహం ఉంది. పేరు చెప్పినంత సులభంగా "సయా, మీరు పొరబడ్డారు" అనగలరా? మా అమ్మ తన జీవితంలో మా నాన్నకు ఆ మాట చెప్పలేదు. ఆమెకు నోరు లేక కాదు.

అందుకని మొహమాటాన్ని జయించమని ఎవరికీ చెప్పడం మానేశాను. ఇప్పటి వార్డులో చిన్న మార్పు ఒకటి చేశాం. మందు రాసేముందు నర్సు ఆ రోజు క్రియాటినిన్ అంకెను అందరి ముందూ చదువుతుంది. తరువాత నేను మోతాదు పైకి చదువుతాను. అప్పటివరకు కలం కాగితానికి తగలకూడదు. ఆమె నన్ను సరిదిద్దడం లేదు. అంకె చదువుతోంది, అంతే. మొదట్లో దీనివల్ల రౌండ్లు ఆలస్యమవుతున్నాయని విసుక్కున్నది నేనే. నా లెక్కను నలుగురిలో పరచడం నాకు అవమానంగా తోచింది కూడా. మేస్త్రీకీ అలాగే తోచి ఉండేదేమో.

క్రితం నెల కొత్తగా చేరిన ఒక నర్సు అంకె చదివింది. నేను మోతాదు చదివి కలం తెరిచాను. ఆ అమ్మాయి కదలలేదు, ఏమీ అనలేదు. కాసేపు ఆగి, అదే అంకెను మళ్ళీ చదివింది. నేను మోతాదు దిద్దాను.