పాత తంతి – క్రొత్త వెలుగు

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సేవను 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామనాథ కోవింద్ గారు ప్రారంభించిరి. నాటినుండి గాజుతంతి విద్యుత్‌స్తంభములను పట్టుకొని వీథివీథికిని ప్రాకినది. ఈ సేవయందును, పల్లెలకై కేంద్రప్రభుత్వము తలపెట్టిన భారత్‌నెట్ నందును నెలకొన్నది జీపాన్ అను పద్ధతి. ఇప్పుడు అంతకు మించిన ఎక్స్‌జీఎస్-పాన్ వచ్చినది గనుక పాతదాని నంతయు పెకలించి పారవేయవలెనా యను ప్రశ్న పుట్టుట సహజము. వలదనియే మా యభిప్రాయము.

ఎక్స్చేంజినుండి బయలుదేరిన ఒక్క తంతిలోని వెలుగును, స్తంభముమీది చిన్నపెట్టె ముప్పదిరెండు ఇండ్లకో అరువదినాలుగిండ్లకో పంచిపెట్టును. ఆ పెట్టెకు విద్యుత్తుతో పనిలేదు. జీపాన్‌లో ఆ ఇండ్లన్నిటికిని కలిపి సెకనుకు దిగువకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎగువకు 1.25 మాత్రమే. 2016లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము ఆమోదించిన ఎక్స్‌జీఎస్-పాన్‌లో రెండువైపులను దాదాపు పదేసి గిగాబిట్లు. పుచ్చుకొనుటకు రాజమార్గమును, పంపుటకు సందును ఇచ్చిన పాతపద్ధతి, సినిమాలు చూచువానికి చాలును. ఎక్స్‌రే చిత్రములను పెద్దాసుపత్రికి పంపు వైద్యునకును, ఇంటనుండి పాఠము చెప్పు ఉపాధ్యాయునకును చాలదు. ముప్పదిరెండిండ్లవారును ఒక్కమారే పంపబూనినచో జీపాన్‌లో ఇంటికి నలుబది మెగాబిట్లైనను దక్కవు; క్రొత్తదానిలో సుమారు మూడువందలు దక్కును. ఇంటింటికి పది గిగాబిట్లని చాటు వ్యాపారుల మాట మాత్రము నమ్మదగినది కాదు. అది వాటాదారుల ఉమ్మడిసొత్తు.

రెండును ఒకే తంతిలో నెట్లు ఇముడును? కంటికి కానరాని వర్ణభేదమే దీని కీలకము. జీపాన్ వెలుగు దిగువకు 1490, ఎగువకు 1310 నానోమీటర్లు. క్రొత్తది 1577, 1270. ఎక్స్చేంజివద్ద ఒక ఫిల్టరు ఈ వర్ణములను కలుపుచు వేరుపరచుచుండును. కోరినవా రింటిపెట్టెను మార్చుకొందురు. పొరుగువారు పాతదానితోనే యుందురు. వీథి త్రవ్వ నక్కరలేదు.

అయినను ఇది మంత్రము కాదు. ఫిల్టరు కొంత వెలుగును మ్రింగును. దూరమున బొటాబొటిగా వెలుగు చేరుచున్న యిండ్లకు అది కష్టమే. జీపాన్ ఎగువవెలుగునకు తొలుత 1260 మొదలు 1360 వరకు స్వేచ్ఛ యుండెడిది. క్రొత్తదాని 1270 అందులోనే పడును. పిమ్మట 1290–1330కి కుదింపబడినది గాని, మొదటితరము పెట్టె యొక్కటి వీథిలో మిగిలియున్నను చిక్కే. 1577ను అడ్డగింపలేని పాతపెట్టెలును క్రొత్తవెలుగునకు తబ్బిబ్బగును. ఇక్కడనే మన సేవాదారుల యశ్రద్ధను గూర్చి భయపడుచున్నాము. ఏ యింట ఏ పెట్టె యున్నదో జాబితా వ్రాసియుంచినవా రెందరు?

కావున టెండరు పిలుచువారు వేగమును గూర్చి యడుగుటకు ముందు ఆ జాబితాను అడుగవలయును. వెలుగుయొక్క మిగులును ప్రతి శాఖయందును కొలిపింపవలయును. ఫిల్టరును నడుచుచున్న తంతిలో తరువాత చొప్పించుటకు ఆ శాఖలోని సేవనంతయు కొంతసేపు ఆపవలసివచ్చును. క్రొత్తగా వేయు శాఖలందైనను దానిని మొదటనే అమర్చినచో, క్రొత్తపద్ధతి వచ్చునాడు పాతచందాదారునకు ఆ సంగతియే తెలియదు.