ఎక్సెల్ షీట్‌కి తుప్పు కనపడదు

పాత స్పోర్ట్స్ కార్ల పిచ్చి మనవాళ్ళలో బాగానే ముదురుతోంది. తప్పేం లేదు, నాకూ ఉంది. ఇల్లు కొన్నాం, గరాజ్‌లో ఇంకో బండికి చోటుంది, గ్రీన్ కార్డు సంగతి దేవుడెరుగు, కనీసం కారైనా మనసుకి నచ్చింది కొనుక్కుందాం అనిపిస్తుంది. నా గొడవ ఆ పిచ్చితో కాదు, ఆ కారుకి మనం ధర కట్టే పద్ధతితో.

నాకు తెలిసిన కారు గురించే మాట్లాడతాను. డాట్సన్ 240జెడ్. నిస్సాన్ వాళ్ళు 1969లో బయటకి తెచ్చి, అమెరికాలో 3,526 డాలర్లకు అమ్మిన రెండు సీట్ల బండి. ఆరు సిలిండర్లు, 2.4 లీటర్ల ఇంజిన్, పొడుగాటి ముక్కు. 1973 దాకా లక్షన్నరకు పైగా తయారయ్యాయి, అందులో ఎక్కువ భాగం అమెరికాకే వచ్చాయి. అంటే మరీ అరుదైన కారేం కాదు. తుప్పు పట్టనిది మాత్రం అరుదు.

మా ఆఫీసులో ఒకాయన దీని మీద మనసు పడ్డాడు. అమ్మేవాడు 38 వేలు చెప్పాడట. మనవాడు రెండు వారాంతాలు కూర్చుని, ఆన్‌లైన్ వేలాల్లో ఐదేళ్ళ అమ్మకాలన్నీ ఎక్సెల్‌లోకి లాగి, సంవత్సరం, మైళ్ళు, రంగు అన్నీ వేసి, గ్రాఫ్ గీసి, "ఫెయిర్ ప్రైస్ 36,400" అని తేల్చాడు. కారు చూశావా అంటే "140 ఫొటోలున్నాయి" అన్నాడు. డబ్బేమో పిల్ల కాలేజీకని దాచిన దాంట్లోంచి. ఏమన్నా అంటే "ఇన్వెస్ట్‌మెంటే కదా" అట.

లెక్క తప్పని నేననను. అసలు సంగతి ఆ లెక్కలో లేదంటున్నాను.

పశువుల సంతకి ఎప్పుడైనా వెళ్ళారా? ఎద్దుని కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. గిట్టలు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. ఆ తర్వాతే తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. పోయినవారం సంతలో ఎద్దుల సగటు ధర ఎంతో కనుక్కుని, పళ్ళు చూడకుండా డబ్బు కట్టేవాణ్ణి నేనైతే చూడలేదు. మాస్టర్స్ చేసిన మనం మాత్రం సరిగ్గా ఆ పనే చేస్తాం.

240జెడ్‌కి పళ్ళంటే దాని అడుగు. అప్పటి రేకు పలచన, తుప్పు పట్టకుండా చేసిన ఏర్పాట్లు అంతంతమాత్రం. న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పు దీన్ని చెదపురుగులా తినేస్తుంది. బ్యాటరీ కింద పళ్ళెం, కాళ్ళు పెట్టుకునే ఫ్లోరు, దాని కింద ముందు నుంచి వెనక్కి వెళ్ళే రెయిల్స్, తలుపుకీ వెనక చక్రానికీ మధ్య ఉండే మూల... ఇవన్నీ పోతాయి. అక్కడ పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టిస్తే ఫొటోలో కొత్త పెళ్ళికూతురే. పైన పటారం, లోన లొటారం. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళండి, రేకు మీద అంటుకుంటుంది, పుట్టీ మీద జారిపోతుంది. 140 ఫొటోలు చెప్పని సంగతి అది చెప్తుంది.

ఇంజిన్ మొండిది. కార్బ్యురేటర్లు, బ్రేకులు, రబ్బరు గొట్టాలు అన్నీ బోల్టులిప్పి మార్చుకునేవి, ఇవాళ్టికీ దొరుకుతాయి. అడుగు పోతే అలా కాదు. కోయాలి, కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయాలి, తలుపులు మళ్ళీ సరిగ్గా పడతాయో లేదో చూసుకోవాలి. అదంతా గంటల లెక్క. చవగ్గా కొన్నావు కదా అని వెల్డరు గంట రేటు తగ్గించడు. అందుకే, ఇరవయ్యేళ్ళుగా స్టార్టే కాకుండా షెడ్డులో పడున్న తుప్పులేని అరిజోనా బండికి నేను ఎక్కువిస్తాను. తళతళలాడుతూ, తాళం తిప్పగానే స్టార్టయ్యే, అడుగు కుళ్ళిన బండికి తక్కువిస్తాను. ఎక్సెల్ దీనికి సరిగ్గా ఉల్టా చెప్తుంది, ఎందుకంటే అందులో తుప్పు అనే కాలమ్ లేదు.

"కొని బాగు చేయించుకుంటాం" అంటారా? 1990ల చివర్లో నిస్సాన్ అమెరికా వాళ్ళే పాత 240జెడ్‌లు కొని, బాగు చేయించి, డీలర్ల దగ్గర పెట్టి సుమారు 25 వేల డాలర్లకు అమ్మారు. కారు తయారు చేసిన కంపెనీ అది! వాళ్ళకే ఒక్కో కారు మీద పెట్టిన ఖర్చు, వచ్చిన ధరని దాటిపోయింది. 200 చేద్దామనుకున్నది నలభై ప్రాంతాల్లో ఆగిపోయింది. మనం వాళ్ళకంటే తెలివైనవాళ్ళమా?

ఇక అమ్మేవాళ్ళ వేదం ఒకటుంది. 2020 జనవరిలో బ్రింగ్ ఎ ట్రైలర్ వేలంలో 1971 మోడల్ 240జెడ్ ఒకటి 3,10,000 డాలర్లకు పోయింది. 21 వేల మైళ్ళు మాత్రమే తిరిగి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మిగిలిన బండి. అంతే, మర్నాటి నుంచి పెరట్లో టార్పాలిన్ కింద పడున్న జెడ్‌లన్నిటికీ రెక్కలొచ్చాయి. హైవే పక్కన ఒకడి పొలం కోట్లు పలికిందని చెరువు ముంపు భూమివాడు రేటు పెంచినట్టు. వేలంపాట చెప్పేది ఆ రోజు ఇద్దరు మొండివాళ్ళు ఎదురుపడ్డారనే. మూడోవాడు ఎంతిచ్చేవాడో కూడా చెప్పదు, ఇంక నీ కారు గురించి ఏం చెప్తుంది?

ఇంతవరకూ ఎక్కువిచ్చి మునిగేవాళ్ళ గురించి. నాకు ఇంతకంటే ఒళ్ళు మండించేది రెండోరకం. మొన్నామధ్య మన గ్రూపులో ఒకాయన గొప్పగా రాసుకున్నాడు. భర్త పోయిన ఒక పెద్దావిడ గరాజ్ ఖాళీ చేస్తుంటే ఆయన కారు 4 వేలకు కొట్టేశాడట. వెనక తలుపు మీద గాలి రంధ్రాలున్నాయి, అంటే మొదటి సిరీస్ బండి. అడుగు శుభ్రంగా ఉంది. రెండూ చూశాడు, రెండూ తెలుసు, ఆవిడకి మాత్రం చెప్పలేదు. కింద నలభై మంది "సూపర్ డీల్ బ్రో" అని చప్పట్లు. "ఆవిడకి మార్కెట్ రేటు తెలీకపోతే నా తప్పా?" అని ఒక లాజిక్ కూడా.

ఇదే మనిషి, క్లయింట్ దగ్గర గంటకి 90 తీసుకుని తన చేతిలో 45 పెట్టి, బిల్ రేటు దాచిన కన్సల్టెన్సీని ఎన్నేళ్ళు తిట్టాడో నాకు తెలుసు. అక్కడ మోసం, ఇక్కడ తెలివా?

బేరమాడొద్దని కాదు. బండిని లిఫ్ట్ ఎక్కించండి, తెలిసిన మెకానిక్‌కి రెండు మూడొందలు పారేయండి. తలుపు దగ్గర ప్లేటు మీద తయారైన నెల, ఇంజిన్ దగ్గర ప్లేటు మీద ఇంజిన్ నంబరు సరిచూడండి. బాగున్న కారు ధరలోంచి, వెల్డరు కాగితం మీద రాసిచ్చిన అంకె తీసేయండి. ఆ కాగితం అమ్మేవాడికి చూపించగలిగితే అది సరైన ధర. దాచుకోవాల్సొస్తే కాదు, అంకె ఎంతైనా సరే.

అన్నట్టు, ఆ పెద్దావిడ ఫోన్ నంబరు ఇంకా ఆయన దగ్గరే ఉంది.