పరీక్షాభయము – మన కర్తవ్యము

గడచిన ప్రీఫైనల్ పరీక్షలలో గణితపత్రము చేతికందిన అయిదు నిమిషములకే పదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, మంచినీళ్లు త్రాగివత్తునని చెప్పి బయటికి పోయి, వసారాలో స్తంభము నానుకొని నిలిచిపోయెను. వాని చేతులు చల్లబడి వణకుచుండెను. కారణ మడుగగా, "అన్నీ వచ్చునండీ, కాగితము చూడగానే ఒక్కటీ జ్ఞాపకము రాలేదండీ" అనెను. వాడు చదువనివాడు కాడు; ముందటి రాత్రి పండ్రెండు గంటలవరకు మేలుకొన్నవాడే. మాలో నొకరు వానిని గద్దించి, ధైర్యముగా నుండవలెనని చెప్పి, మరల లోనికి పంపిరి. ధైర్యముగా నుండుట యెట్లో మాత్రము చెప్పలేదు. పదేండ్లపాటు వానికి సమీకరణములు, సంధులు, నదుల పేర్లు నేర్పిన మేము దీనిని నేర్పనే లేదు. ఆ లోపమును గూర్చియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

భయము పిరికితన మనుకొనుట మన మొదటి పొరపాటు. ఆపద యెదురైనపుడు ప్రాణి పోరాడుటకో పారిపోవుటకో దేహము తనంతట తానే సిద్ధపడునని అమెరికా శరీరశాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథములో వివరించెను. ఎడ్రినలిన్ రక్తములో చేరును. గుండె వడిగా కొట్టుకొనును. జీర్ణకోశమునకు పోవలసిన రక్తము కండరములకు మరలును. పులి యెదురైనవాని కిది మేలే. ప్రశ్నపత్రముతో పోరాడుటకు వీలులేదు, పారిపోవుటకు పర్యవేక్షకు లొప్పరు! కావుననే కడుపులో త్రిప్పుట, అరచేతులు చెమర్చుట. కొంచెము బెదురుండుట మంచిదే. బొత్తిగా లేనివాడు పుస్తకమే తెరువడు. అది మితిమీరినపుడే చిక్కు.

దీనికి సాధన కలదు. ఊపిరి విడుచునపుడు గుండె కొంత నెమ్మదించును గనుక, పీల్చినదానికంటె నెమ్మదిగా, దీర్ఘముగా విడుచుట నలవాటు చేయవలెను. పరీక్షనాడు గాదు, జూన్ నెలలోనే. వరద వచ్చిననాడు ఈత నేర్పువాడుండునా? పరీక్షకు ముందు పది నిమిషములు తమ భయములను కాగితముపై వ్రాసికొనిన విద్యార్థులు మెరుగుగా వ్రాసిరని రమిరెజ్, బైలాక్ అను పరిశోధకులు 2011లో సైన్సు పత్రికలో ప్రకటించిరి. ఆ కాగితమును ఎవరును చదువ నక్కరలేదు, చించివేయవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైనది చదువు తీరు. ఒకే పాఠమును పదేపదే చదువుటకంటె, పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొనినవారికి వారము గడచిన తరువాత ఎక్కువ నిలిచినదని రోడిగర్, కార్పికె అనువారు 2006లో చూపిరి. చిత్రమేమనగా, చదివి చదివి కూర్చున్నవారికే తమకు బాగుగా వచ్చునను నమ్మకము హెచ్చుగా నుండెను. మన పిల్లలలో పెక్కుమంది పుస్తకము మూయుట పరీక్షనాడే మొదటిసారి. అట్టివారు భయపడుట వింతయా? వారమున కొకసారి మార్కులు లేని చిన్న పరీక్ష పెట్టి, సమాధానములను వారిచేతనే దిద్దించినచో గడియారపు ముల్లు వారికి శత్రువుగా తోపదు.

తలిదండ్రులకు ఒక మనవి. పొరుగింటి బిడ్డ మార్కులు మీ బిడ్డకు మీరు చెప్పనక్కరలేదు. వానికి మీకంటె ముందే తెలియును. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిదప కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఆ ఫలితములలో తప్పులు దొర్లినవని విచారణసంఘమే తేల్చెను. కాగితము తప్పు చెప్పవచ్చును. దానికంటె ముందు ఇంటివారి మాట బిడ్డకు చేరియుండవలెను. తప్పినవారికి కొలది వారములలోనే సప్లిమెంటరీ పరీక్ష కలదను సంగతిని ఫలితములకు ముందే, భోజనమువేళ, మామూలు మాటగా చెప్పుడు. నిద్ర, తిండి మాని బిడ్డ ముభావముగా నుండిన, మరునాటివరకు ఆగక ఉపాధ్యాయునితోనో వైద్యునితోనో చెప్పుడు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సహాయకేంద్రముతో 14416 సంఖ్యకు ఫోను చేసి, రేయింబవళ్లు ఏవేళనైనను, తెలుగులోనే మాటలాడవచ్చును.

మిషను సోదరులకును ఒక మాట. రేపటినిగూర్చి చింతింపవద్దని ప్రభువు కొండమీది ప్రసంగములో చెప్పినది ఓదార్పునకు. దానిని వణకుచున్న బాలుని యెదుట నేరారోపణగా చదువరాదు. "నీకు విశ్వాసము చాలదు" అనుటవలన వానికి ఒక భయమునకు రెండగును. వానితో కలిసి ప్రార్థించి, పిమ్మట గణితములో వానికేది రాదో యడిగి నేర్పుడు. రెండును కావలెను.

ఇక మా వంతు. ప్రతి యూనిట్ పరీక్ష తరువాత ప్రార్థనసమావేశములో మార్కులను వరుసగా చదువు నాచారము నిక మానవలెనని మా యభిప్రాయము. మొదటి ముగ్గురికి దానివలన కలుగు సంతోషమెంతో చెప్పలేము గాని, చివరి ముగ్గురు ఆనాడు బడికి రాకుండుట చూచుచునే యున్నాము. వసారాలో గంట ప్రక్కన వ్రేలాడు ర్యాంకుల పట్టికను ఈ వేసవిలో తీయింపవలసినదిగా ప్రధానోపాధ్యాయులవారిని కోరుచున్నాము. మేకు నుంచవచ్చును, గ్రంథాలయపు వేళల పట్టికకు చోటులేదని గ్రంథపాలకులవారు చాలకాలముగా అడుగుచున్నారు.