దాచుకోవడం దోషం కాదు

పెళ్లింట్లో పెద్దమ్మ ‘పిల్ల ఫొటో ఏదీ, చూపించమ్మా’ అంటుంది. ఫోన్ చేతికిస్తాం. ఆ ఒక్క ఫొటో చూడగానే ఆమె వేలు పక్కకు జరుగుతుంది. మరొకటి, ఇంకొకటి. ఆమెకు చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. కానీ ఇచ్చినవారి గుండె గుబేలుమంటుంది. ఆసుపత్రి మంచంమీద చిక్కిపోయిన నాన్న, డాక్టరుకు పంపడానికి తీసిన ఆపరేషన్ గాయం, బిడ్డకు పాలిస్తుండగా భర్త తీసిన చిత్రం, బ్యాంకు పాసుపుస్తకం... అన్నీ ఆ వరసలోనే ఉంటాయి. అందులో సిగ్గుపడాల్సింది ఒక్కటీ లేదు. అందరికీ చూపాల్సిందీ ఒక్కటీ లేదు.

తెలుగులో దాచుకోవడం వేరు, దాచిపెట్టడం వేరు. రెండోదానిలో ఎవరినో ఏమార్చే ఉద్దేశం ఉంటుంది. మొదటిదానిలో ఉండేది మమకారం. ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతల్లో అమ్మమ్మ ఏం దాచుకుందని ఎవరూ ఆరా తీసేవారు కాదు. తాళంచెవి ఆమె బొడ్లోనే ఉండేది. ఆ పెట్టె జోలికి వెళ్లని ఇళ్లలోనే ఇవాళ కోడలి ఫోన్‌కో, కూతురి ఫోన్‌కో లాక్ కనిపిస్తే ‘ఏం దాస్తున్నావు?’ అన్న ప్రశ్న వస్తోంది.

ట్రంకుపెట్టెలాంటి చోటు ఫోన్‌లోనూ ఉంది. అయితే కనపడకుండా చేయడం, తాళం వేయడం ఒకటి కావు. గ్యాలరీలో కనిపించకుండా ఫోల్డర్‌ను తప్పిస్తే తలుపు దగ్గరగా వేసినట్టే. ఫైల్ మేనేజర్ తెరిచినవారికి అది దొరుకుతుంది. గూగుల్ ఫొటోస్‌లో లాక్డ్ ఫోల్డర్, శాంసంగ్ ఫోన్లలో సెక్యూర్ ఫోల్డర్ తాళం తీస్తేనే తెరుచుకుంటాయి. ఐఫోన్‌లోని హిడెన్ ఆల్బమ్‌కు 2022లో ఐఓఎస్ 16తో ఆ తాళం వచ్చింది. ఎవరు చేశారో తెలియని యాప్‌కు మన జ్ఞాపకాలను అప్పగించడం కంటే ఇవే మేలు. లాక్డ్ ఫోల్డర్‌కు బ్యాకప్ పెట్టుకోకపోతే మాత్రం, ఫోన్ రీసెట్ చేసిన రోజున అందులోని ఫొటోలూ పోతాయి. వాట్సాప్‌లో ఒకరికి పంపిన ఫొటోకు మన తాళం పనిచేయదు. అది అవతలివారి ఫోన్‌లో, వారి మంచితనంమీద ఆధారపడి ఉంటుంది.

ఇలా దాచుకునే హక్కుకు న్యాయస్థానం అండ కూడా ఉంది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి 2012లో, 86 ఏళ్ల వయసులో ఆధార్ వ్యవహారంపై సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఆ కేసులోనే తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పింది. ఒకరి ఆంతరంగిక శరీర భాగాలను అనుమతి లేకుండా చిత్రించినా, ఆ చిత్రాలను పంచినా ఐటీ చట్టంలోని 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అలాంటి కష్టం వచ్చినవారు భయపడి ఊరుకోనక్కర్లేదు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్ ఉంది, 1930 హెల్ప్‌లైన్ నంబరు ఉంది. ‘అసలు ఆ ఫొటో ఎందుకు తీసుకున్నావు?’ అని నిలదీయకుండా వారి పక్కన నిలబడే ఇల్లు కూడా ఉండాలి.

సర్కారుకు కోర్టు హద్దు గీసింది. ఇంట్లో, నలుగురిలో ఆ హద్దు గీసుకోవాల్సింది మనమే. ఫొటో చూడమని ఎవరైనా ఫోన్ చేతికిస్తే, చూపించినదాన్నే చూద్దాం. ‘పిల్ల చక్కగా ఉందమ్మా’ అని దీవించి, ఫోన్ తిరిగి ఆ చేతిలోనే పెడదాం.