మంటల్లో మనుషులు – మైళ్ళ దూరంలో వైద్యం

గాజాలో అల్‌షిఫా ఆస్పత్రి గురించి, ఉక్రెయిన్‌లో నేలమాళిగల్లో జరిగిన ఆపరేషన్ల గురించి మన సమావేశాల్లో మాట్లాడుకుంటున్నాం. మాట్లాడుకోవలసిందే. 1949 జెనీవా ఒప్పందాలు రక్షణ కల్పించిన ఆస్పత్రుల మీదే దాడులు జరుగుతుంటే, 2016లో భద్రతామండలి చేసిన 2286వ తీర్మానం కూడా వాటిని ఆపలేకపోతే స్త్రీల సంఘాలు మౌనంగా ఉండలేవు. అయితే ఈ చర్చల్లో యుద్ధం ఎప్పుడూ మరెక్కడో జరిగేదిగానే ఉండిపోతోంది. 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ విమానాలు వేసిన బాంబులతోనే గోదావరి డెల్టాకి ఆ సంబంధం తీరిపోయినట్టు!

2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో, మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలింది. తాటిపాక నుంచి కొండపల్లి లాంకో విద్యుత్ కేంద్రానికి గ్యాసు తీసుకెళ్ళే గొట్టం అది. ఇళ్ళు, కొబ్బరిచెట్లు, మనుషులు కలిసి కాలిపోయారు. ఇరవైమందికి పైగా చనిపోయారు, కొందరు అక్కడికక్కడే, మరికొందరు తర్వాతి రోజుల్లో ఆస్పత్రి మంచాల మీద. గాయపడినవాళ్ళని అమలాపురానికి, గౌతమి దాటించి కాకినాడకి తరలించారు. వైద్యం చేసే మనిషి కళ్ళతో చూస్తే బాంబు పడిన వీధికీ ఈ వీధికీ తేడా ఏముంది? ఒకేసారి అంతమంది, ఒళ్ళు కాలి, పొగ పీల్చి, ఎవరిని ముందు చూడాలో తెలియని స్థితి.

కాలినవాళ్ళని చంపేది మంట ఒక్కటే కాదు. రక్తనాళాల్లోని ద్రవం బయటికి ఊరిపోతుంది. డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది. ఒంటి బరువు ప్రతి కిలోకి, కాలిన ప్రతి శాతానికి 4 మిల్లీలీటర్ల సెలైను. 50 కిలోల స్త్రీకి ఒంట్లో 40 శాతం కాలితే మొదటి రోజుకి 8 లీటర్లు. అందులో సగం మొదటి 8 గంటల్లోనే ఎక్కాలి. ఆ ఎనిమిది గంటలు మొదలయ్యేది ఆస్పత్రిలో చీటీ రాయించుకున్నప్పుడు కాదు, ఒంటికి నిప్పంటుకున్నప్పుడు. ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి పంపినప్పుడల్లా తరిగిపోయేది ఈ సమయమే. గొంతు వాచి మూసుకుపోకముందే ఊపిరికి గొట్టం వెయ్యాలి. ఛాతీ చుట్టూ, చేతుల చుట్టూ కాలి బిగుసుకుపోయిన చర్మాన్ని కోసి వదులు చెయ్యాలి. ఇవన్నీ శిక్షణ పొందిన డాక్టరు దగ్గరలోని ఆస్పత్రిలో చెయ్యగలిగినవి. చర్మం అతకడం లాంటివి తర్వాత పెద్ద ఆస్పత్రిలో చెయ్యొచ్చు.

నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన లారే ఈ సంగతి రెండు వందల ఏళ్ళ కిందటే గ్రహించాడు. వైద్యాన్ని యుద్ధరంగానికి దగ్గరగా జరిపాడు. హోదాని బట్టి కాక గాయాన్ని బట్టి వరస పెట్టాడు. (మన ఇళ్ళల్లో ఎవరిని ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఎవరికోసం పొలం అమ్మాలి అన్న వరస గాయాన్ని బట్టే ఉంటోందా?)

కాలిన ఒళ్ళు స్త్రీల సంఘాలకి కొత్త కాదు. 'స్టవ్ పేలింది' అన్న మాట వినని కార్యకర్త మనలో ఎవరున్నారు? 2001లో దేశంలో 1,63,000 మంది మంటల్లో చనిపోయారని, వాళ్ళలో 1,06,000 మంది స్త్రీలేనని 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా కట్టింది. ఉద్యమం తన శక్తిని ఎక్కువగా మరణ వాంగ్మూలం మీద, శిక్షల మీద పెట్టింది. అది అవసరమే. కానీ మరణ వాంగ్మూలం అన్న మాటలోనే ఆమె చనిపోతుందన్న అంగీకారం ఉంది. మేజిస్ట్రేటు ఎప్పుడొచ్చాడని అడిగినంత గట్టిగా సెలైను ఎప్పుడు పెట్టారని కూడా అడగాలి. ముందు ప్రాణం, పోలీసు కాగితాలు తర్వాత అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యాసిడ్ దాడికి, అత్యాచారానికి గురైనవాళ్ళకి ప్రైవేటు ఆస్పత్రులు కూడా ఉచితంగా వైద్యం చెయ్యాలని 2013లో చట్టం వచ్చింది. 2024 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేరస్మృతిలోనూ అది ఉంది. పైపులైను మంటలో కాలినవాళ్ళు, 'ప్రమాదం' అని రాయించిన వంటింటి కేసులు మాత్రం దాని పరిధిలోకి రావు.

నగరంలో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 25 లక్షల చొప్పున పరిహారం ప్రకటించారు. చావుకి లెక్క కట్టడం రాజ్యానికీ కంపెనీలకీ తేలికే. బతికిన మనిషికి మెడ దగ్గర చర్మం ముడుచుకుపోతే తల ఎత్తడానికి మళ్ళీ ఆపరేషన్లు కావాలి, ఏళ్ళ తరబడి వ్యాయామం, సేవ కావాలి. ఆ సేవ చేసేది ఎక్కువగా తల్లో, కూతురో, కోడలో. ఆమె పోగొట్టుకునే కూలి ఏ జాబితాలోనూ ఉండదు.

2022 ఏప్రిల్ నుంచి కోనసీమ విడి జిల్లా. గ్యాసు తవ్వుకునే కంపెనీల ఖర్చుతో ఆ జిల్లాలోనే, ప్రభుత్వ ఆస్పత్రిలో, రాత్రీ పగలూ నడిచే కాలిన గాయాల విభాగం ఉండాలని స్త్రీల సంఘాలు పట్టుపట్టాలి. పైపులైను గ్రామాల్లో మాక్ డ్రిల్ జరిగితే అది మంట ఆర్పడంతో ముగుస్తోందా, మొదటి సెలైను ఎక్కేదాకా సాగుతోందా, ఎన్ని నిమిషాల్లో, ఏ ఆస్పత్రిలో అన్నది గ్రామసభలో అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి.